నల్లగొండ ఎండలో టర్బో కారు: అదనపు శక్తికి హద్దులు ఎక్కడున్నాయి?

టర్బో పెట్రోల్ కార్లు చిన్న పట్టణాలకు కూడా చేరిన తరువాత, ఇంజన్‌కు ఇంకో పాతిక హార్స్‌పవర్ ఎక్కించుకోవాలన్న కోరిక హైదరాబాద్ యువకులకే పరిమితమై లేదు. మిర్యాలగూడలోనూ సూర్యాపేటలోనూ జడ్చర్లలోనూ కారు కొన్న ఏడాదికల్లా రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్‌లోని అంకెలను మార్చడం) గురించి వాకబు చేసేవారు ఉన్నారు. ల్యాప్‌టాప్ తగిలించి గంటలో 115ను 140 చేస్తాం, వద్దనుకుంటే మళ్లీ పాతదానికే మారుస్తాం అని వారికి చెబుతారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కాని ఆ పాతిక ఎక్కడి నుంచి వస్తుంది, కంపెనీ దాన్ని ముందే ఎందుకు ఇవ్వలేదు, మే నెల మధ్యాహ్నం నార్కట్‌పల్లి దగ్గర అందులో ఎంత మిగులుతుంది అన్నది మాత్రం ఎవరూ విడమరచి చెప్పరు.

లెక్క గాలితో మొదలవుతుంది. పెట్రోల్‌ను ఇంజెక్టర్లు ఎంతో కొంత ఎక్కువ పోయగలవు. దాన్ని కాల్చడానికి కావలసిన గాలిని సిలిండర్లలోకి చేర్చడమే కష్టమైన పని. ఒక గ్రాము శుద్ధ పెట్రోల్ పూర్తిగా కాలడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. 20 శాతం ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోల్‌కు అది 13.5 దగ్గరికి దిగుతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు టర్బో ఇంజన్లు వేడిని అదుపులో ఉంచుకోవడానికి పెట్రోల్ పాలు ఎక్కువున్న ఇంకా చిక్కటి మిశ్రమాన్ని వాడుకుంటాయి. 999 సీసీల మూడు సిలిండర్ల ఇంజన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లలో వచ్చే 1.0 టీఎస్ఐ అలాంటిదే. కంపెనీ లెక్కలో దాని శక్తి 115 పీఎస్ (ఇంచుమించు హార్స్‌పవరే), టార్క్ (తిప్పే బలం) 178 న్యూటన్ మీటర్లు. నాలుగు స్ట్రోకుల ఇంజన్ రెండు చుట్లకొకసారి గాలి పీలుస్తుంది కాబట్టి 5000 ఆర్‌పీఎం దగ్గర ఇలాంటి ఇంజన్ నిమిషానికి 2500 లీటర్ల గాలి మింగుతుంది. ఆ గాలి 2 బార్ పీడనంతో, అంటే గేజీ మీద సుమారు ఒక బార్ బూస్టుతో (బయటి గాలి పీడనం మీద అదనంగా ఎక్కించిన పీడనం), 50 డిగ్రీల వేడిమీద ఉందనుకుంటే, సిలిండర్లు నిండటంలో పోయే కాస్త తరుగును తీసేయగా దాని బరువు 5.1 కిలోలు. నిమిషానికి కిలో గాలికి 22 హార్స్‌పవర్ అన్నది ట్యూనింగ్ చేసేవారు వాడే మోటు లెక్క. గుణిస్తే 112 వస్తుంది, కంపెనీ చెప్పిన అంకెకు దగ్గరే.

శక్తి పెంచడమంటే ఈ 5.1ని పెంచడమే. ఆర్‌పీఎం పెంచవచ్చు, పీడనం పెంచవచ్చు, గాలిని చల్లబరచవచ్చు. రోడ్డు కార్లలో మొదటిదానికి చోటు తక్కువ. రీమ్యాప్ వ్యాపారమంతా రెండోదానిమీద నడుస్తుంది. మన ప్రాంతంలో ఫలితాన్ని తేల్చేది మాత్రం మూడోది.

సైలెన్సర్ గుండా వృథాగా పోయే వేడి వాయువులతో ఒక చక్రాన్ని (టర్బైన్) తిప్పి, అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రంతో (కంప్రెసర్) గాలిని నొక్కి ఇంజన్‌లోకి తోలడం టర్బో చేసే పని. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూషి 1905లోనే ఈ ఆలోచనకు పేటెంట్ తీసుకున్నాడు. చిన్న కార్ల టర్బోలలో ఆ ఇరుసు నిమిషానికి 2 లక్షల చుట్లకు పైగా తిరుగుతుంది. వేగం మితి మీరకుండా కొంత పొగను పక్కదారి పట్టించే తలుపు వేస్ట్‌గేట్. ఆ తలుపు ఎప్పుడు, ఎంత తెరుచుకోవాలో నిర్ణయించేది ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్. కనుక ఈసీయూలోని అంకెలు మారిస్తే బూస్టు మారుతుంది. ఇంతవరకు రీమ్యాప్ చేసేవారు చెప్పేది అక్షరాలా నిజం.

అయితే గాలిని నొక్కితే అది వేడెక్కుతుంది, వేడెక్కిన గాలి పలచబడుతుంది. మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి వాతావరణ పీడనం తీరప్రాంతంలోలా 1.013 బార్ కాక 0.955 బార్ దగ్గర ఉంటుంది. ఇంజన్‌కు 2 బార్ గాలి అందాలంటే విశాఖపట్నంలో 1.97 రెట్లు నొక్కితే చాలు, మహబూబ్‌నగర్‌లో 2.09 రెట్లు నొక్కాలి. డిసెంబరు ఉదయం 20 డిగ్రీల గాలిని ఇంతగా నొక్కితే, 70 శాతం సామర్థ్యమున్న కంప్రెసర్ నుంచి అది 118 డిగ్రీలతో బయటికొస్తుంది. పెరిగిన వేడిలో 70 శాతాన్ని, నొక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ లాగేసిందనుకుంటే సిలిండర్లకు చేరేది 50 డిగ్రీల గాలి. పైన వేసిన లెక్క ఆ ఉదయానిదే. మే నెలలో 43 డిగ్రీల ఎండలో అదే కారుకు అదే బూస్టు ఇస్తే కంప్రెసర్ వదిలే గాలి 149 డిగ్రీలు, ఇంటర్‌కూలర్ దాటాక 75. పీడనం పిసరంత తగ్గకపోయినా గాలి 7 శాతం పలచబడింది, 112 కాస్తా 104 అయింది. ఇదైనా వాతావరణ కేంద్రం నీడలో కొలిచే 43 డిగ్రీలకు వేసిన లెక్క. నాలుగు వరుసల తారురోడ్డు మీది గాలి, చాలా కార్లలో ఇంటర్‌కూలర్‌కు ముందో పక్కనో ఉండే ఏసీ కండెన్సర్ వదిలే వేడి కలిస్తే ఇంజన్ పీల్చే గాలి అంతకంటె వేడిగానే ఉంటుంది.

కొన్ని ఈసీయూలు పీడనాన్ని కాక గాలి బరువును లక్ష్యంగా పెట్టుకొని ఈ తరుగును బూస్టు పెంచి పూడ్చుకుంటాయి. అప్పుడు డ్రైవరుకు తేడా తెలియదు, భారమంతా టర్బో మోస్తుంది. కంపెనీ ఆ పాతికను ముందే ఎందుకు ఇవ్వలేదన్నదానికి జవాబు ఇక్కడుంది. ఒకే సాఫ్ట్‌వేర్ లద్దాఖ్ కనుమల్లోనూ రాజస్థాన్ ఎడారిలోనూ, ఏ బంకులో ఏ పెట్రోల్ పోయించుకున్నా, సర్వీసింగ్ ఆలస్యమైనా నడవాలి. దానికోసం వదిలిపెట్టిన మిగులునే రీమ్యాప్ అమ్ముతుంది. చల్లటి ఊళ్లలో, మంచి పెట్రోల్ దొరికే చోట ఆ మిగులు నిజంగానే మిగులు. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఏడాదిలో మూడు నెలలు దాన్ని ఎండ ముందే వాడేసుకుంటుంది.

ఇప్పుడు అదే మే మధ్యాహ్నం 2 బార్‌ను 2.3 చేద్దాం. కంప్రెసర్ 2.41 రెట్లు నొక్కాలి. ప్రతి కంప్రెసర్‌కూ బాగా పనిచేసే పరిధి ఒకటి ఉంటుంది, దాన్ని దాటినకొద్దీ సామర్థ్యం పడిపోతుంది. అది 65 శాతానికి దిగిందనుకుంటే బయటికొచ్చే గాలి 182 డిగ్రీలు, ఇంటర్‌కూలర్ దాటాక కూడా 85. పీడనం 15 శాతం పెంచితే గాలి 12 శాతమే పెరిగింది. ఇంకా పెంచితే ఈ దామాషా మరింత చెడుతుంది. రెండించుల నీళ్లిచ్చే బోరులో అయిదు హెచ్‌పీ మోటారు తీసి ఏడున్నర హెచ్‌పీది దించితే ఏమవుతుందో మన రైతులకు చెప్పనక్కరలేదు. చిన్న టర్బోను దాని పరిధి దాటి తిప్పడం అలాంటిదే. గాలి పెరగకపోగా ఇరుసు వేగం హద్దు దాటుతుంది, బేరింగులు అరుగుతాయి, టర్బోకు ముందున్న పొగ దారిలో ఒత్తిడి పెరిగి సిలిండర్లలోని కాలిన వాయువు పూర్తిగా బయటికి పోదు.

ఆ వేడి గాలి తెచ్చిపెట్టే అసలు చిక్కు నాకింగ్. స్పార్క్ పడిన చోటు నుంచి మంట అంచెలంచెలుగా పాకాలి. ఒత్తిడి, వేడి మితిమీరితే మంట చేరకముందే చివరి మూలనున్న మిశ్రమం తనంతట తాను భగ్గుమంటుంది; ఆ అదురు పిస్టన్ అంచులను, రింగుల గట్లను దెబ్బతీస్తుంది. ఆధునిక ఇంజన్లలో నాక్ సెన్సర్ దీన్ని పసిగట్టి స్పార్క్‌ను వెనక్కి జరుపుతుంది, అంటే ఆలస్యంగా పడనిస్తుంది. పిస్టన్ పైకొస దాటిన తరువాత క్రాంక్ ఇరుసు 10 నుంచి 15 డిగ్రీలు తిరిగేసరికి సిలిండర్‌లో ఒత్తిడి శిఖరానికి చేరితే శక్తి పూర్తిగా దక్కుతుంది. స్పార్క్ వెనక్కి జరిగేకొద్దీ ఆ శిఖరం ఆలస్యమవుతుంది, శక్తి తగ్గుతుంది, సగం కాలుతూనే బయటికి పోయే వాయువులు టర్బైన్‌ను, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాలుస్తాయి. పెట్రోల్ ఇంజన్లలో ఆ వాయువుల వేడి 950 డిగ్రీల దాకా పోవడం మామూలే. అక్కడి నుంచి ఇంకో 50 డిగ్రీలు పెరగడం చిన్న విషయం కాదు. ఎక్కువ బూస్టు ఇచ్చి, నాకింగ్ వచ్చి, స్పార్క్ వెనక్కి జరిగిన కారు కాగితం మీద 140 అయినా రోడ్డు మీద 115కు అటూ ఇటూగా ఉండి, వేడి మాత్రం 140కి తగ్గట్టు పుట్టిస్తుంది. వేసవిలో రీమ్యాప్ చేసిన కారు రెండు ఓవర్‌టేక్‌ల తరువాత మొద్దుబారిందన్న ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే.

నాకింగ్‌ను ఆపే గుణమే ఆక్టేన్. మన దేశంలో సాధారణ పెట్రోల్‌కు చాలాకాలం 91 ఆక్టేన్ ప్రమాణం. 95, 100 ఆక్టేన్ పెట్రోల్ కూడా అమ్ముతున్నారు, ఇండియన్ ఆయిల్ వారి ఎక్స్‌పీ100 వాటిలో ఒకటి. అయితే 100 ఆక్టేన్‌ను లెక్కలోకి తీసుకొని చేయించిన రీమ్యాప్‌తో దేవరకొండ వైపో అచ్చంపేట వైపో వెళ్లినప్పుడు దారిలోని బంకులో అది దొరుకుతుందని నమ్మడానికి లేదు. ఇథనాల్ సంగతి విచిత్రమైనది. దాని ఆక్టేన్ 108 దగ్గర ఉంటుంది, ఆవిరయ్యేటప్పుడు పెట్రోల్ కంటె ఎంతో ఎక్కువ వేడిని పీల్చుకుంటుంది, కనుక నాకింగ్ విషయంలో అది మేలే చేస్తుంది. కాని కిలో ఇథనాల్‌లో శక్తి 27 మెగాజౌళ్లు, పెట్రోల్‌లో 43. అందువల్ల 20 శాతం కలిసిన పెట్రోల్‌ను అదే శక్తికి సుమారు 7 శాతం ఎక్కువ పోయాలి. ఇంజెక్టర్లలో, హైప్రెషర్ పంపులో ఉన్న మిగులు అక్కడ కొంత ఖర్చవుతుంది. ఇథనాల్ కలవని పెట్రోల్ నాటి రీమ్యాప్ ఫైలును ఇప్పటి కారులో యథాతథంగా ఎక్కించేవారు ఈ మాటకు జవాబు చెప్పాలి.

ఇక టార్క్. శక్తి పీఎస్‌లలో కావాలంటే టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 7023తో భాగిస్తే సరిపోతుంది. మన ఉదాహరణ ఇంజన్ 178 న్యూటన్ మీటర్లను 1750 నుంచి 4500 ఆర్‌పీఎం దాకా ఇస్తుంది. 5000 దగ్గర 115 పీఎస్ అంటే అక్కడికి టార్క్ 161కి దిగిందన్నమాట. గరిష్ఠ టార్క్‌ను ఒక్క న్యూటన్ మీటరు కూడా పెంచకుండా 178ను 5500 దాకా నిలబెట్టగలిగితే శక్తి 139 పీఎస్ అవుతుంది. చిన్న టర్బో అక్కడిదాకా అంత గాలి తోలలేక మధ్యలోనే చేతులెత్తేయవచ్చు. అయినా శక్తి కోరేవారు పోవలసిన దిక్కు అదే. దుకాణాల్లో జరిగేది దీనికి తలకిందులు. 1800 ఆర్‌పీఎం దగ్గరే టార్క్‌ను 220కి ఎక్కిస్తారు, ఎందుకంటే టెస్ట్ డ్రైవ్‌లో సీటుకు వీపు అతుక్కునేది అక్కడే, పికప్ పెరిగిందని డబ్బులు చేతికొచ్చేదీ అక్కడే.

ఇంజన్లు పాడయ్యేది కూడా ఎక్కువగా అక్కడే. 999 సీసీల నుంచి 178 న్యూటన్ మీటర్లు రావాలంటే పిస్టన్ల మీద పనిచేసే సగటు ఒత్తిడి 22.4 బార్, 220 అయితే 27.7 బార్. తక్కువ వేగంలో ఈ ఒత్తిడిని పిస్టన్, కనెక్టింగ్ రాడ్, బేరింగు ఎక్కువసేపు మోయాలి, ఆయిల్ పొర కూడా అప్పుడు పలచగా ఉంటుంది. పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే చిన్న టర్బో ఇంజన్లకు ఇంకో జబ్బు ఉంది: 2000 ఆర్‌పీఎం చుట్టుపక్కల పూర్తి భారం మీద, ఆయిల్ తుంపర వల్లనో మసి రేణువు వల్లనో స్పార్క్ పడకముందే మిశ్రమం అంటుకుంటుంది. ఇది మామూలు నాకింగ్ కాదు, స్పార్క్‌ను వెనక్కి జరిపితే ఆగదు. ఒక్క దెబ్బకు పిస్టన్ పగలవచ్చు. ఆయిల్‌లోని కాల్షియం డిటర్జెంట్లకు దీనితో సంబంధం ఉందని తేలిన తరువాతే 2018లో ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) ఎస్ఎన్ ప్లస్, 2020లో ఏపీఐ ఎస్‌పీ ప్రమాణాలు వచ్చాయి. టర్బో పెట్రోల్ కారులో ఎస్‌పీ అని రాసి ఉన్న ఆయిల్, కారు పుస్తకం చెప్పిన చిక్కదనంలో పోయించడం రీమ్యాప్ చేయించినా చేయించకపోయినా తప్పనిసరి.

గేర్‌బాక్స్‌కు కూడా ఒక అంకె ఉంటుంది. ఫోక్స్‌వ్యాగన్ ఏడు గేర్ల డ్రై క్లచ్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ డీఎస్‌జీని, అంటే డీక్యూ200ను, 250 న్యూటన్ మీటర్లకు తయారు చేశారు. దాన్ని జతచేసిన 1.5 టీఎస్ఐ ఇంజన్ షోరూము నుంచి వచ్చేటప్పుడే 250 ఇస్తుంది. దానిమీద ఇంకో 60 ఎక్కించేవారు క్లచ్ ఖర్చు కూడా ముందే జేబులో పెట్టుకోవాలి. మాన్యువల్ కారులో నాలుగో గేరులో పూర్తిగా తొక్కితే ఆర్‌పీఎం పెరిగి వేగం పెరగకపోవడం క్లచ్ ప్లేటు జారుతోందనడానికి గుర్తు.

ఈసీయూలో మార్చవలసినది బూస్టు ఒక్కటే కాదు. ఈనాటి కారులో యాక్సిలరేటర్ తొక్కడమంటే ఇంత టార్క్ కావాలని అడగడమే. దానికి ఎంత గాలి కావాలి, ఎంత పీడనం, ఎంత పెట్రోల్, ఏ క్షణాన స్పార్క్ అన్నది ఒకదానితో ఒకటి ముడిపడిన ఎన్నో పట్టికలు లెక్క కడతాయి. అన్నింటినీ పొందిక చెడకుండా మార్చడం ఓపిక, నైపుణ్యం ఉన్నవారి పని. ఓపిక లేనివారు అడ్డొచ్చిన హద్దుల పట్టికలను గరిష్ఠానికి పెట్టి వదిలేస్తారు. కారు అప్పటికి బాగానే పరుగెడుతుంది. బూస్టు సెన్సర్ తీగకు తగిలించే ట్యూనింగ్ పెట్టెలు ఇంకా నాసిరకం పని చేస్తాయి. ఉన్న పీడనం కంటె తక్కువ చూపించి ఈసీయూను నమ్మించి బూస్టు పెంచిస్తాయి, దాంతో ఇంజన్ రక్షణ లెక్కలన్నీ అబద్ధపు అంకె మీద నడుస్తాయి. వారంటీ సమయంలో విప్పి దాచవచ్చన్నది తప్ప వాటికి గొప్ప సుగుణం ఏమీ నాకు కనిపించదు.

సామాను మార్చదలచినవారు మన వాతావరణంలో మొదట చేయవలసిన ఖర్చు ఇంటర్‌కూలర్. పెద్దది పెట్టి గాలిని 75 నుంచి 60 డిగ్రీలకు దింపితే బూస్టు ముట్టుకోకుండానే 4 శాతానికి పైగా గాలి పెరుగుతుంది, నాకింగ్ తగ్గి స్పార్క్ తన చోటికి తిరిగి వస్తుంది. బానెట్ కింద తెరిచి పెట్టే కోన్ ఫిల్టర్ల పని దీనికి విరుద్ధం. అవి ఇంజన్ పక్కనున్న వేడి గాలినే పీలుస్తాయి. పైగా హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీల దారుల్లో, కోతల కాలంలో ఊరి రోడ్ల మీద లేచే దుమ్మును కాగితపు ఫిల్టరంత బాగా ఆపలేవు. లక్షల చుట్ల వేగంలో తిరిగే కంప్రెసర్ రెక్కలకు సన్నటి దుమ్ము ఆకురాయి. స్పార్క్ ప్లగ్గులను ఒక అంచె చల్లటివి (వేడిని త్వరగా వదిలేసేవి) వేసి గ్యాప్‌ను 0.6 లేదా 0.7 మిల్లీమీటర్లకు తగ్గించడం చవకైన పని, పెరిగిన ఒత్తిడిలో స్పార్క్ ఆరిపోకుండా కాపాడుతుంది.

డీజిల్ కార్లలో స్పార్క్ లేదు, ఈ రకం నాకింగూ లేదు. అక్కడ హద్దు పొగ, పొగ వేడి. 1.3 మల్టీజెట్ ఇంజన్‌ను మామూలు టర్బోతో 75 పీఎస్‌కు, రెక్కల కోణం మారే టర్బోతో 90 పీఎస్‌కు కంపెనీలే అమ్మాయి. తేడా సాఫ్ట్‌వేర్‌లోనే కాక టర్బోలోనే ఉందన్నది అందులో గమనించవలసిన సంగతి. బీఎస్6 డీజిల్‌లో పొగ ఫిల్టరును తీసేసే రీమ్యాప్ జోలికి పోకూడదు.

చట్టం కూడా ఇందులో ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చినదానికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ విధించవచ్చంటుంది. క్యాటలిటిక్ కన్వర్టర్ లేని డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగను బయటికి తీసుకుపోయే గొట్టం) పెడితే పొల్యూషన్ నిబంధనలూ అడ్డొస్తాయి. ఇంజన్‌ను మార్చిన సంగతి బీమా కంపెనీకి చెప్పకపోతే, ప్రమాదం జరిగిన తరువాత క్లెయిమ్ దగ్గర ఆ పేచీ తేలడం కష్టం.

ఇంత తెలిసీ చేయించుకోదలచినవారు అడగవలసింది డైనో (కారు శక్తిని కొలిచే యంత్రం) కాగితం కాదు, డేటా లాగ్, అంటే ఈసీయూ క్షణక్షణం నమోదు చేసే అంకెలు. డైనో అంకెలను చాలాచోట్ల 25 డిగ్రీల ప్రమాణ వాతావరణానికి సవరించి ముద్రిస్తారు, ఆ సవరణ సహజంగా గాలి పీల్చే ఇంజన్లకు కుదిరినంతగా బూస్టును తానే సర్దుకునే టర్బో ఇంజన్లకు కుదరదు. మూడో గేరులో 2000 నుంచి 6000 ఆర్‌పీఎం దాకా వరుసగా నాలుగైదుసార్లు లాగించి, ఈసీయూ నమోదు చేసిన వివరాలు చూడాలి. రోడ్డు మీద ఈ పని చేస్తే నాలుగు వరుసల జాతీయ రహదారికి కేంద్రం పెట్టిన 100 కిలోమీటర్ల పరిమితి దాటిపోతుంది కనుక అది కూడా డైనో మీదే జరగాలి, అదీ ఏప్రిల్, మే నెలల్లో పట్టపగలు. అడిగిన బూస్టుకు అందిన బూస్టు దూరమవుతోందా, హైప్రెషర్ పంపు ఒత్తిడి చివర్లో జారుతోందా, ఏ సిలిండర్‌లో స్పార్క్ ఎన్ని డిగ్రీలు వెనక్కి పోతోంది అన్నవి అందులో కనిపిస్తాయి. ఒక సిలిండర్‌లో ఒకసారి రెండు మూడు డిగ్రీలు పోయి తిరిగి వస్తే భయం లేదు. అన్నింటిలోనూ ప్రతిసారీ అయిదారు డిగ్రీలు పోతుంటే ఆ బూస్టు ఆ ఇంజన్‌కు ఆ పెట్రోల్ మీద తగదు. వీటికి తోడు ఇంటర్‌కూలర్ దాటిన గాలి 60, 70, 80 డిగ్రీలకు చేరినప్పుడు బూస్టును, స్పార్క్‌ను తగ్గించే పట్టిక ఒకటి ప్రతి ఈసీయూలో ఉంటుంది. ట్యూనర్ ఆ పట్టికను కంపెనీ పెట్టినట్టే ఉంచాడా, ఎండలో కూడా అంకె తగ్గకూడదని దాన్ని సున్నా చేశాడా అని ఫైలు తెరిపించి చూసిన తరువాతే డబ్బు చెల్లించాలి.